ముసుగుతన్ని పడుకున్న సముద్రం

కొత్తమెరక
ఆషాఢ శుద్ధ ద్వాదశి

చినబాబూ,

ముందు నాలుగు చివాట్లు తిని, తరవాత మిగతాది చదువు. పోయిన ఉత్తరంలో "నేను బాగున్నాను, మీరు బాగున్నారా" అని రెండు ముక్కలు గీకి పడేశావు. అది ఉత్తరమా, బస్సు టిక్కెట్టా? రాజమండ్రిలో ఏం తింటున్నావో, ఎక్కడ పడుకుంటున్నావో రాయడానికి నీ చేతికేం రోగమొచ్చింది? నిన్ను పదేళ్ళవాడివప్పట్నుంచీ పెంచాను, ఆమాత్రం అడిగే హక్కు నాకుంది.

ఇక్కడ నువ్వు ఇంటర్నెట్లో రాసే సముద్రం పేజీ రాజ్యమేలుతోంది. రోజూ పొద్దుగూకే వేళకి మగాళ్ళంతా అప్పాజీ టీకొట్టు దగ్గర చేరతారు. మీ అన్న జేబులోంచి ఫోన్ తీస్తాడు. దానికో పాలిథిన్ కవరు, ఆ పైన రబ్బరు బ్యాండు, ఆ పైన జేబురుమాలు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్నెప్పుడూ అంత జాగ్రత్తగా చూసుకోలేదు మహానుభావుడు. దాన్ని అప్పాజీ చేతిలో పెడతాడు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు చదవగలిగేది వాడొక్కడేగా. "రేపు అష్టమిరా" అంటే వాడు అష్టమి మీద నొక్కి, పురోహితుడిలా గొంతు సవరించుకుని పైకి చదువుతాడు. గాలి ఎటు, అల ఎంత, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట ఏ పక్కనుంది, కోనం చేపలు ఎంత దూరంలో ఆడుతున్నాయి, అన్నీ. అది అయ్యేదాకా ఒక్కడూ నోరెత్తడు. రేడియోవాడు రోజూ "మత్స్యకారులు జాగ్రత్తగా ఉండాలి" అంటాడు, దాన్ని ఎవడూ చెవిన పెట్టడం లేదిప్పుడు.

మొదట్లో నువ్వు ఇంగ్లీషు తారీకులు పెట్టినప్పుడు ఎంత గోలో గుర్తుందా? "జూన్ పదహారంటే ఎప్పుడ్రా" అని అందరూ అప్పాజీ మీద పడ్డారు. పోటూ పాటూ చూసుకుని బతికేవాళ్ళకి తిథి చెప్తే చాలు. నేను నీకు రాశాక తారీకులు పీకేసి తిథులు పెట్టావు. అప్పట్నుంచీ ఎవరికీ ఏ అనుమానమూ లేదు.

ఇదంతా నీ పనని మీ అన్నకి తెలీదు, తెలియనివ్వను కూడా. కాకినాడ పోర్టులో పెద్ద ఆఫీసర్లెవరో రాస్తున్నారనుకుంటున్నాడు. "దొరలు వెళ్ళమన్నారు", "దొరలు వద్దన్నారు" అంటాడు. నవ్వు ఆపుకోలేక చస్తున్నాను. కానీ ఒక్క సంగతి. అల లేని రోజున "సముద్రం ముసుగుతన్ని పడుకుంది" అని రాస్తున్నావు చూడు, అది మామయ్య మాట, మీ నాన్న మాట. ఊళ్ళో ఇంకెవరూ అలా అనరు. మొన్న అప్పాజీ అది చదివినప్పుడు మీ అన్న టీగ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆ మాట తీసెయ్యి నాయనా. నీళ్ళకి భయపడినవాడు నా గడప తొక్కక్కర్లేదని నాలుగేళ్ళ కిందట నిన్ను పంపేసిన మనిషి, అది నువ్వని తెలిస్తే ఫోన్ తీసి గోదాట్లో పారేస్తాడు. మళ్ళీ గుడ్డిగా సముద్రం మీదకి పోతాడు. నాకు ఆయన ప్రాణం ముఖ్యం, ఎవరు చెప్తే ఏంటి.

ఉత్తరాలు మామూలుగానే రత్తమ్మత్త ఇంటికి రాయి. అప్పాజీ కొట్లో రూపాయి ఫోన్ పెట్టారు, నెంబరు వెనకాల రాశాను. చావుబతుకుల పనైతే తప్ప దానికి చెయ్యకు. అది మోగితే ముందు ఎత్తేది మీ అన్నే.

మీ వదిన
లోవలక్ష్మి


రాజమండ్రి
2 ఆగస్టు 2007

వదినకి,

చివాట్లన్నీ అందాయి, అరిగాయి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం మెస్సు భోజనం, రాత్రి నీ చేతి చేపల పులుసు తలుచుకుంటూ రెండు చపాతీలు. పడక నెట్ సెంటర్ పైగదిలోనే. ఓనరు అచ్చిబాబు గారు మంచాయనే, అరుపులు తప్ప.

ఆ పేజీ ఎలా చేస్తున్నానో అడిగావు అప్పుడెప్పుడో. మొత్తం పదిహేను పేజీలు, పాడ్యమికొకటి, విదియకొకటి, అలా చతుర్దశి దాకా. ఆఖరిది పున్నానికీ అమాసకీ కలిపి. రోజూ మధ్యాహ్నం ఉపగ్రహం బొమ్మలు చూసి, రేవులవాళ్ళు ఇచ్చే అంకెలు చూసి, నాన్న చెప్పిన గుర్తులు కలుపుకుని, రేపటి తిథి తెరిచి పాతది చెరిపి కొత్తది రాస్తాను. పక్షం మారితే మళ్ళీ మొదటి నుంచి.

నాన్న మాట తీసెయ్యలేను వదినా. ఆ పొద్దున మొగలో నావ తిరగబడినప్పుడు నాన్న చెయ్యి నా చేతిలోంచే జారిపోయింది. ముందురోజు ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే నావ తీసేవాళ్ళమే కాదు. నేను నీళ్ళకి భయపడ్డానని అన్నయ్య అన్నాడు, అందులో అబద్ధం లేదు. ఇప్పటికీ భయమే. భయపడినవాడే కదా పక్కవాడికి జాగ్రత్త చెప్పేది. ఆ మాట ఒక్కటీ నాన్నది ఉండనీ.

ఎల్లుండి షష్ఠికి రెండు రోజుల ముందే గట్టిగా రాశాను, చూశారా? దక్షిణం నుంచి పెద్ద అల వస్తోంది, పైకి మాత్రం సముద్రం మామూలుగానే కనపడుతుంది. "ఎవరూ మొగ దాటొద్దు" అని పెట్టాను. ఈ ఉత్తరం అందేటప్పటికి షష్ఠి అయిపోతుందనుకో, అన్నయ్య ఇంట్లో కూర్చుని వలలు బాగుచేసుకుని ఉంటాడు.

ఇక్కడొక తమాషా. వీరబ్రహ్మం మాస్టారని రిటైరైన ఆయన రోజూ మా సెంటర్‌కి వస్తారు. లంకల్లో ఇసుక ఎవరెవరు తవ్వుకుపోతున్నారో పేర్లతో సహా రాస్తుంటారు, నేను పేజీ పెట్టిన సైట్లోనే. నిన్న వచ్చి, "నా పేజీ ఇక్కడ కంప్యూటర్లో తెరుచుకుంటోంది గానీ ఎవరి సెల్‌ఫోన్లోనూ తెరుచుకోవడం లేదట, నన్నెవరో నొక్కేస్తున్నారోయ్" అని ఒకటే గొడవ. సిగ్నలు లేదేమో మాస్టారూ అని నవ్వేశాను. పెద్దవాళ్ళకి అన్నీ కుట్రల్లాగే కనపడతాయి.

చినబాబు


కొత్తమెరక
ఆషాఢ బహుళ అష్టమి

చినబాబుకి,

నీ ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను. నాతో ఆటలాడుతున్నావా?

షష్ఠి నాడు వెళ్ళొద్దని రాశానంటావేంటి? పంచమి సాయంత్రం అప్పాజీ చదువుతుంటే నేను కొట్టు పక్కనే మంచినీళ్ళ పంపు దగ్గరున్నాను. నా చెవులారా విన్నాను. "షష్ఠి. గాలి తక్కువ. సముద్రం ముసుగుతన్ని పడుకుంది. వెళ్ళి రండి." ఇదీ నువ్వు రాసింది. అందరూ వెళ్ళారు. మొగ దాటీ దాటగానే అల లేచిందట, పైన ఏ గుర్తూ లేకుండా. పెద్దింట్లమ్మ పెనిమిటి చెయ్యి విరిగింది. రెండు బోట్ల వలలు పోయాయి. మీ అన్న బోటు ఒక పక్కకి ఒరిగి నీళ్ళు నిండి, ఎలాగో బయటపడింది. ఒడ్డుకొచ్చి ఇసుకలో కూలబడ్డాడు.

అప్పాజీ, "ఇక ఈ ఫోన్ పురాణం కట్టిపెట్టండిరా" అన్నాడు. తప్పేమన్నాడు? మీ అన్న లేచి వాడి కాలరు పట్టుకున్నాడు. "ఇన్నాళ్ళు ప్రాణాలు కాపాడినవాణ్ణి ఒక్కసారి తప్పాడని వదిలేస్తావా? వాడూ మనిషే" అని అరిచాడు. పదిమంది విడదీయాల్సొచ్చింది. నిన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టిన మనిషి నీ పేజీ కోసం తన్నుకుంటున్నాడు, నువ్వేమో అక్కడ చపాతీలు తింటూ "గట్టిగా రాశాను చూశారా" అంటున్నావు.

తప్పు రాస్తే రాశానని చెప్పు. మనుషులన్నాక పొరపాట్లు చేస్తారు. నాకు కోపం వచ్చేది నువ్వు పొరపాటు చేసినందుకు కాదు, దాన్ని కప్పిపుచ్చుతున్నందుకు.

లోవలక్ష్మి


రాజమండ్రి
9 ఆగస్టు 2007

వదినా,

నాన్న మీద ఒట్టు. నేను "మొగ దాటొద్దు" అనే రాశాను. నీ ఉత్తరం అందగానే కంప్యూటర్లో తెరిచి చూశాను. షష్ఠి పేజీ నేను రాసింది రాసినట్టే ఉంది. అచ్చిబాబు గారిని పిలిచి చూపించాను, ఆయనా చదివారు.

అప్పాజీ తప్పు చదివి ఉంటాడు. లేదా కావాలనే చదివాడేమో. వాడి బావమరిదికి యానాంలో చేపల వ్యాపారం ఉంది కదా, బోట్లు ఒడ్డునుంటే వాళ్ళకి సరుకు రాదు. అన్నయ్యకి అక్షరం ముక్క రాదు కాబట్టి వాడు ఏం చదివితే అదే. నాకు వేరే దారి తోచడం లేదు. నువ్వు నన్ను అబద్ధాలకోరు అనుకుంటున్నందుకు రెండు రోజులుగా మెతుకు దిగడం లేదు.

నువ్వు ఎనిమిదో తరగతి దాకా చదివావు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలవు. అన్నయ్య నిద్రలో ఉన్నప్పుడు ఫోన్ తీసి, ఆ రోజు తిథి నొక్కి, తెర మీద ఉన్నది ఉన్నట్టు నాకు రాసి పంపు. ఒక్క ముక్క వదలకు. అప్పుడు తెలుస్తుంది దొంగెవడో.

వీరబ్రహ్మం మాస్టారు సెల్‌ఫోన్ కంపెనీకి ఫిర్యాదు రాశారు. జవాబు లేదు. ఆయన మొహం పాలిపోయి ఉంది ఈ మధ్య.

చినబాబు


కొత్తమెరక
శ్రావణ శుద్ధ విదియ

చినబాబూ,

అప్పాజీని తిట్టుకున్నందుకు లెంపలేసుకో. వాడు చదివింది అక్షరాలా నిజం.

మీ అన్న నిద్రపోయేదాకా ఆగనక్కర్లేకపోయింది. షష్ఠి గొడవ జరిగినప్పట్నుంచీ ఆయనే ఫోన్ తెచ్చి నా చేతికిస్తున్నాడు. "అప్పాజీ చదివాక నువ్వూ ఒకసారి చదువు లోవా, నీకైతే తొందరుండదు" అంటాడు. చదివాక మళ్ళీ చదవమంటాడు. కళ్ళు మూసుకుని వింటాడు. దొరల మీద అంత ప్రేమేంటో నాకర్థం కాదు.

నిన్న పాడ్యమి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "పాడ్యమి. గాలి పడమర నుంచి. అల మామూలు. మొగలో కొత్తగా పడిన మేట మీద మనవాళ్ళు ఎర్రజెండా పాతారు. దానికి ఉత్తరంగా వెళ్ళండి. కానాగడత చేపలు దగ్గర్లోనే ఉన్నాయి. వెళ్ళి రండి."

ఇదీ ఉన్నది. మీ అన్న విని నవ్వాడు. ఆ ఎర్రజెండా కొట్టుకుపోయి ఎన్నాళ్ళో అయింది, మేట కూడా పక్కకి జరిగిపోయింది, దొరలకి ఇంకా కబురందినట్టు లేదు అన్నాడు. గాలి కూడా పడమర నుంచి కాదు, తూర్పు నుంచి కొట్టింది. కానాగడతల జాడే లేదు. అయినా ఆయన నమ్మకం చెక్కుచెదరలేదు. ఊళ్ళో సగం మంది మానేశారు. ఆయనతో రెండు మూడు బోట్లవాళ్ళు మాత్రం ఇంకా వింటున్నారు. అవతల బలుసుపాకల్లో కూడా ఎవరో ఫోన్లో పెట్టుకున్నారట, మనవాళ్ళని చూసి.

నాకెందుకో గుబులుగా ఉంది చినబాబూ. నువ్వు అబద్ధం ఆడటం లేదు, అప్పాజీ ఆడటం లేదు. మరి మధ్యలో ఎవరు మాట్లాడుతున్నారు? పొద్దున ముగ్గు వేస్తుంటే కూడా అదే ఆలోచన.

అన్నట్టు, ఈ వారం దాటాక రత్తమ్మత్త ఎండుచేపలు తీసుకుని మండపేట వెళ్తుంది, రైసుమిల్లు కూలీలకి అమ్ముకోడానికి. ఇల్లు తాళం. ఏమైనా రాస్తే ఈలోపే రాయి.

మీ వదిన


రాజమండ్రి
20 ఆగస్టు 2007

వదినా,

నీ ఉత్తరంలో ఎర్రజెండా అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అది నేను రాసిందే. కానీ ఈ పాడ్యమికి కాదు. ఆషాఢ మాసం పాడ్యమికి రాసింది. నెల కిందటిది.

మా సెంటర్‌కి వచ్చిన ఒకాయన్ని బతిమాలి సెల్‌ఫోన్ తీసుకున్నాను, అన్నయ్య ఫోన్‌ది ఏ కంపెనీయో అదే కంపెనీ. కంప్యూటర్లో సప్తమి తెరిచాను. పక్కనే ఫోన్లో సప్తమి తెరిచాను. కంప్యూటర్లో నేను నిన్న రాసింది ఉంది. ఫోన్లో ఆషాఢం నాటిది ఉంది. అష్టమి చూశాను, నవమి చూశాను, అన్నీ అంతే. తారీకు ఉంటే మొదటి రోజే దొరికిపోయేది. తిథి కదా, పదిహేను రోజులకోసారి తిరిగొస్తుంది, పాతదో కొత్తదో ఎవడు చెప్పగలడు?

కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి, "మా వైపు నుంచి ఏ ప్రాబ్లమూ లేదండి" అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. బయటికొచ్చి నిలబడ్డాను. లోపల్నుంచి ఒక ఇంజనీరు సిగరెట్టు కోసం వచ్చి, అటూ ఇటూ చూసి చెప్పాడు. వీరబ్రహ్మం మాస్టారి పేజీ ఆపమని పైనుంచి వచ్చిందట. ఆ ఒక్కటే ఆపడం వాళ్ళకి శ్రమ. అందుకని ఆ సైటు మొత్తాన్ని, అందులో ఉన్న వేల పేజీలతో సహా, ఫోన్లకి రాకుండా మూసేశారు. అయితే ఫోన్లో తొందరగా తెరుచుకోడానికి ప్రతి పేజీ కాపీ ఒకటి వాళ్ళ మిషన్లో దాచి ఉంచుతారు. కొత్తది రానివ్వరు కాబట్టి మిషన్ ఆ దాచిందే తీసి చూపిస్తోంది. మాస్టారి కాపీ చెరిపేశారు. నాది ఉందని కూడా వాళ్ళకి తెలీదు. "ఎన్నాళ్ళు అలా చూపిస్తుందండీ?" అంటే, "ఎవరైనా పనిగట్టుకుని చెరిపేదాకా. నేను మీకేం చెప్పలేదు" అని వెళ్ళిపోయాడు.

మాస్టారు వారం నుంచి రావడం లేదు. ఎవరో ఇద్దరు వచ్చి, ఆయన ఏ కుర్చీలో కూర్చుంటాడని అడిగి, ఆ కుర్చీని కాసేపు చూసి వెళ్ళిపోయారు. అచ్చిబాబు గారు నన్ను పిలిచి, "నీ చేపల గోల కూడా కట్టెయ్యరా అబ్బాయ్" అన్నారు. ఆయన అరవకుండా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

వదినా, ఆ ఫోన్లో వచ్చేది ఒక్క ముక్క కూడా నమ్మనివ్వకు. అన్నయ్యకి చెప్పెయ్యి, నా పేరు చెప్పినా ఫర్వాలేదు. తిడితే తిట్టనీ.

రూపాయి ఫోన్‌కి చేశాను. నిన్న మధ్యాహ్నం. నువ్వన్నట్టే అన్నయ్యే ఎత్తాడు. "హలో, ఎవరండీ" అన్నాడు. నాలుగేళ్ళ తరవాత ఆ గొంతు. చెప్పాల్సిందంతా నోటి దాకా వచ్చింది, ఒక్క మాట బయటికి రాలేదు. కాసేపు అలాగే పట్టుకుని పెట్టేశాను. మళ్ళీ చేసే ధైర్యం లేకపోయింది. నేనింతే వదినా, అప్పుడూ ఇప్పుడూ పిరికివాణ్ణే.

రత్తమ్మత్త మండపేట వెళ్ళకముందే ఇది అందుతుందనుకుంటున్నాను. ఇవాళ రేపట్లో వాతావరణం మామూలుగానే ఉంది, దిగులు పడకు. అచ్చిబాబు గారు తాళాలు నా మీద పెట్టి పెళ్ళికెళ్ళారు. ఆదివారం నేనే వస్తాను. గడప తొక్కనివ్వకపోతే వీధిలో నిలబడి చెప్తాను.

చినబాబు


కొత్తమెరక
శ్రావణ బహుళ ఏకాదశి

చినబాబూ,

పదకొండో రోజున నువ్వు నా ఎదురుగానే కూర్చున్నావు. చెప్పాలనుకున్నాను. గుండు చేయించుకున్న నీ మొహం చూస్తే నోరు పెగల్లేదు. కాగితానికి మొహం ఉండదు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం నాకు దశమి పొద్దున్న అందింది. రత్తమ్మత్త మండపేట నుంచి మొదటి బస్సుకి వచ్చి తాళం తీస్తే గడపలో పడి ఉందట. రొప్పుకుంటూనే తెచ్చి నా చేతిలో పెట్టింది. చదివి రేవుకి పరిగెత్తాను. బోట్లు అప్పుడే కాలవ దాటేశాయి. మూడు బోట్లు, మీ అన్నది ముందు. ఆకాశం అప్పటికింకా తెల్లగానే ఉంది.

అప్పాజీ కొట్లో రూపాయి వేసి చేశాను. ఎత్తాడు. వెనకాల ఇంజను చప్పుడు.

"ఏంటే లోవా, క్యారేజీ మర్చిపోయానా?" అన్నాడు.

"బోటు వెనక్కి తిప్పు. ఆ ఫోన్లో చదివింది పాతది. నమ్మకు."

"పాతదేంటే? ఇవాళ దశమి కాదూ? ముసుగుతన్ని పడుకుందని నువ్వే చదివావుగా రాత్రి. కోనాలు బయట దూరంగా ఉన్నాయంట, అటే పోతున్నా."

ఇక దాచి లాభం లేదనుకున్నాను. "ఏవయ్యా, అది దొరలు రాసేది కాదు, మన చినబాబు రాసేది. వాడే నమ్మొద్దని ఉత్తరం రాశాడు" అన్నాను.

నవ్వాడు చినబాబూ. హాయిగా నవ్వాడు.

"నాకు తెలీదనుకున్నావా పిచ్చిదానా? ఈ సముద్రాన్ని ముసుగుతన్ని పడుకుందని మా నాన్న తప్ప ఎవడన్నాడే? మొదటి రోజే తెలుసు. నువ్వు దాచుకుంటున్నావని నేనూ దొరలు దొరలు అన్నాను. ఎవడో ముక్కూ మొహం తెలీనివాడి మాట మీద నేను మొగ దాటతానా?"

నేను ఏడుస్తున్నాను. ఆయనకి అది వేరేలా వినపడి ఉంటుంది. "మొన్న వాడు కొట్టుకి ఫోన్ చేశాడే" అన్నాడు. "మాట్లాడలేదు. ఊపిరి వినపడింది. చిన్నప్పుడు నా పక్కన పడుకుని అలాగే పీల్చేవాడు. నాకూ మాట రాలేదు. వాణ్ణి ఇంటికి రమ్మని రాయి లోవా. నేనన్నానని రాయి."

"రాస్తాను, ముందు నువ్వు వెనక్కి రా! కంపెనీవాళ్ళు పేజీ మూసేశారు, నువ్వు విన్నది నెల కిందటిది" అని గొంతు చించుకుని అరిచాను. "ఏంటీ? గాలికి వినపడట్లేదు. సాయంత్రం మాట్లాడదాం. వాడు నాకు తప్పు రాయడే" అన్నాడు. అంతే, పోయింది. మళ్ళీ వేశాను, మళ్ళీ వేశాను. అందుబాటులో లేరని ఆడమనిషి గొంతు చెప్తూనే ఉంది.

నువ్వు ముందురోజు సాయంత్రం ఉపగ్రహం బొమ్మల్లో గాలివాన చూసి, ఫోన్ కలవక, తాళాలు ఎవరికో అప్పజెప్పి బయల్దేరానన్నావు. నువ్వు బస్సు దిగేటప్పటికే ఆకాశం నల్లబడింది. మిగతాది నా పక్కనే నిలబడి చూశావు. మొగ లోపలే తచ్చాడిన రెండు బోట్లూ వచ్చేశాయి. నువ్వు చెప్పిన చోటుకి నమ్మి పోయింది మీ అన్నొక్కడే.

అన్నయ్య నన్ను అసహ్యించుకుంటూనే పోయాడు వదినా అని ఆ రోజు ఇసుకలో పడి ఏడ్చావు. కాదు. నీ మీద నమ్మకంతో పోయాడు. ఇది చెప్తే నీకు ఊరటో ఇంకా గుండెకోతో నాకు తెలీదు. ఎన్నోసార్లు కలం పట్టి వదిలేశాను. కానీ ఆయన రమ్మని రాయమన్నాడు. ఆయన నాతో ఆఖరుగా చెప్పిన పని అదొక్కటే. అందుకని రాస్తున్నాను. ఇంటికి రా.

నీ మీద నాకు కోపం లేదు. నీ మీద ఉందనుకుని కుమిలిపోకు. నాకు ఒళ్ళు మండేది వాళ్ళ మీద. మూసేసుకుంటే మూసుకోండి, మూశామని చెప్పాలి కదా. తలుపుకి తాళం కనపడి ఉంటే ఆ పూటే వదిలేసేవాళ్ళం, రేడియో వినేవాళ్ళం, మామయ్యలా మబ్బు చూసుకునేవాళ్ళం. తాళం వేసి, లోపల్నుంచి మనవాడి గొంతుతోనే మాట్లాడించారు.

నిన్న మళ్ళీ దశమి. అప్పాజీ కొత్తగా ఫోన్ కొన్నాడు. ఇమ్మని అడిగితే ముందు ఇవ్వలేదు, గాజుల్లేని నా చెయ్యి చూసి ఇచ్చాడు. దశమి నొక్కాను. "దశమి. సముద్రం ముసుగుతన్ని పడుకుంది. కోనాలు బయట దూరంగా ఉన్నాయి. వెళ్ళి రండి." ఇంకా ఉంది. నేను అది చదువుతుంటే గాలికి అప్పాజీ కొట్టు రేకు లేచి దబ్బున పడింది.

బలుసుపాకలవాళ్ళు ఇంకా ఆ పేజీ చూసుకునే వెళ్తున్నారని రత్తమ్మత్త చెప్పింది. ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటే నడిచి వెళ్తున్నాను. ఇల్లిల్లూ తిరిగి చెప్తాను. ఇంకా ఎన్ని ఊళ్ళలో ఉందో నాకు తెలీదు, అన్నిటికీ నడవలేను. నువ్వు ఇక్కడికి వచ్చేముందు ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్ళు. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చో. మా వైపు ఏమీ లేదండి అంటుంది. లేవకు. ఈసారి మాట్లాడు.

మీ వదిన
లోవలక్ష్మి